బంతి రాని వైపు

"కోచ్ గారూ, మీరు పంపిన వీడియో పొరపాటున వేరేది వచ్చినట్టుందండీ" అన్నాడు ఫోన్‌లో వేడ్ కాలవే, ఒక కాలేజీ జట్టుకి కుర్రాళ్ళని ఏరే మనిషి. "మొత్తం చూశాను. ఒక్క ముక్కలోనూ బంతి లేదు."

ఎర్విన్ ప్రెజాన్ కళ్ళు మూసుకున్నాడు. లపాంట్ హైస్కూల్ కోచ్‌ల గదిలో అప్పుడు ఆయన ఒక్కడే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఇంకెవరైనా ఉంటే ఆ కోపం వాళ్ళ మీద పడేది.

"పొరపాటేం లేదు. పంపాలనుకున్నది అదే."

"మరి అందులో మీ కుర్రాడు ఏం చేశాడండీ?"

"అవతలివాళ్ళు బంతి విసరకుండా చేశాడు."

కాలవే నవ్వాడు. చంటిపిల్లలు గీసిన బొమ్మ చూసి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు అది.

"బానే ఉంది గానీ కోచ్, మా కాలేజీలో వాళ్ళకి నేను ఏదో ఒకటి చూపించాలి కదా. బంతి లాక్కున్నవి ఉంటే పంపండి. పోనీ తట్టి పడేసినవైనా పంపండి. ఏదీ లేకపోతే వాడి గురించి నేనేం చెప్పను? సరే, శుక్రవారం ఎలాగూ మీ ఊరు వస్తున్నా. మీ మీద ఆడే జట్టులో కార్డెల్ బీమన్ ఉన్నాడు కదా, ఆ రిసీవర్‌ని చూడాలి. అప్పుడు మాట్లాడుకుందాం."

ఫోన్ పెట్టేశాక ప్రెజాన్ బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్మే కాగితం కప్పు ఎగిరి కిందపడింది. ఎత్తాల్సింది కూడా తనే గనక ఒళ్ళు ఇంకా మండింది.

పగటిపూట ఆయన ఆ బడిలో పిల్లలకు కారు నడపడం నేర్పేవాడు. సాయంత్రం, బంతి చేత్తో విసిరి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో వెనక వరసలో కాపలా కాసేవాళ్ళకు ఆట నేర్పేవాడు. రెండు పనుల్లోనూ ఆయన గోడు ఒకటే. ఎవరినీ గుద్దకుండా ఇంటికి చేరినవాడిని చూసి ఎవరూ చప్పట్లు కొట్టరు.

జెరిల్ లెడే సరిగ్గా అలాంటివాడు. బడిలో వాడికిది ఆఖరి ఏడు. వాడు కార్నర్. ఆ పని చెప్పుకోవడానికి చిన్నదే. అవతలి జట్టు క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు. దాన్ని అందుకోవడానికి మైదానం అంచున ఒక రిసీవర్ పరుగెత్తుతాడు. ఆ రిసీవర్‌ని అంటిపెట్టుకుని ఉండి బంతి వాడి చేతిలో పడకుండా చూడటమే కార్నర్ పని. వచ్చిన చిక్కల్లా, ఎటు పరుగెత్తాలో రిసీవర్‌కి ముందే తెలుసు, కార్నర్‌కి తెలియదు. రిసీవర్ ముందుకు పరుగెడతాడు, కార్నర్ వెనక్కి పరుగెత్తాలి. ఆ వెనక్కి పరుగెత్తేటప్పుడు నడుము ఒక్క క్షణం ముందు తిప్పాడా, ఇక అంతే సంగతులు.

ఆదివారం చర్చి అయ్యాక ప్రెజాన్ తన కుర్రాళ్ళ ఆటను వీడియోలో చూసి మార్కులు వేసేవాడు. ప్రతి ఆటకీ, అంటే బంతి కదిలి మళ్ళీ ఆగేదాకా సాగే ఒక్కో ఎత్తుకీ, మూడు గడులు. ఎక్కడ నిలబడ్డాడు, కళ్ళు ఎక్కడ పెట్టాడు, నడుము ఎప్పుడు తిప్పాడు. ఒక్కో గడిలో ప్లస్సో మైనస్సో పడేది. చివరికి బంతి ఎక్కడ పడిందన్న దానికి మాత్రం గడి లేదు. ఊళ్ళో మిగతా అందరూ చూసేది అదొక్కటే, తాను కూడా ఎందుకని ఆయన మొండి వాదన.

జెరిల్ వైపు బంతి విసరడం చుట్టుపక్కల జట్లన్నీ సెప్టెంబరులోనే మానేశాయి. మొదట్లో విసిరి చూశారు, వాడు తట్టి పడేశాడు. ఆ తర్వాత అందరికీ బుద్ధి వచ్చింది. క్వార్టర్‌బ్యాక్ ఒకసారి అటు చూసేవాడు, రిసీవర్ మొహం మీద మొహం పెట్టినంత దగ్గరగా జెరిల్ కనిపించేవాడు, చూపు అవతలి అంచుకి తిప్పేసుకునేవాడు. ఆ అవతలి అంచున కాపలా కాసే కుర్రాడు వారం వారం మోసపోయేవాడు. ఒకనాడు పడిపోతూ పడిపోతూ చెయ్యి చాస్తే బంతి వచ్చి ఆ చేతిలో పడింది. పేపర్లో వాడి ఫొటో వేశారు. ప్రెజాన్ లెక్కలో ఆ ఆటకు మూడు గడుల్లోనూ మైనస్సే. ఆ సంగతి చెబితే హెడ్ కోచ్ మెల్విన్ టూప్స్ పకపకా నవ్వి, "నీకు బంతి దొరికినా ఏడుపే, దొరక్కపోయినా ఏడుపే" అన్నాడు.

స్టాండ్ నెత్తి మీది కెమెరా బంతి ఎటు పోతే అటు తిరిగేది. అందులో జెరిల్ ఆట మొదలవుతూనే బొమ్మ దాటి వెళ్ళిపోయేవాడు. మైదానం చివర పొడవాటి గొట్టం మీద పెట్టిన రెండో కెమెరాలో మాత్రం అందరూ కనిపించేవారు. ప్రెజాన్ ఆ రెండో దాంట్లోంచి ఏరి ఏరి ఒక వీడియో కట్టాడు. ప్రతి ముక్కలోనూ అదే జరిగేది. క్వార్టర్‌బ్యాక్ జెరిల్ వైపు చూడటం, మొహం తిప్పేసుకోవడం. అది చూస్తుంటే ప్రెజాన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. కాలవేకి అందులో బంతి కనపడలేదు.

కాలవే వాళ్ళ కాలేజీ ఒక్కటే ఇక మిగిలింది. మిగతా కాలేజీలన్నీ ఎవరికి ఇవ్వాల్సిన స్కాలర్‌షిప్ వాళ్ళకి ఇచ్చేశాయి. కాలవే దగ్గర ఒక్క కార్నర్ చోటు ఖాళీగా ఉంది. అది వస్తే జెరిల్ కాలేజీకి వెళ్తాడు. రాకపోతే వాళ్ళ మావయ్యలు చెవుల్లో దూది పెట్టుకుని పనిచేసే బియ్యం మిల్లు ఉండనే ఉంది. ఆ ఊళ్ళో కుర్రాళ్ళు కొందరు అందులోకి ఆనందంగానే వెళ్తారు. జెరిల్‌కి మాత్రం ఆ దుమ్ము పడదు, చిన్నప్పటినుంచీ ఆయాసం.

గురువారం సాధన అయ్యాక జెరిల్ వాళ్ళమ్మ ఒడీల్ కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. శుక్రవారాల్లో ఆట దగ్గర బూడాన్, అంటే బియ్యం కూరిన సాసేజి, అమ్మే బల్ల ఆవిడదే.

"కోచ్ గారూ, ఒక మాట అడుగుతా, కోప్పడకండి. మా వాడు ఆడుతున్నాడా, ఊరికే నిలబడుతున్నాడా?"

"అదేంటమ్మా అలా అంటావు?"

"నేనంటంలేదు, చర్చిలో అంటున్నారు. రెండు నెలలైంది, మైకులో వాడి పేరు వినపడి. మీ అబ్బాయికి దెబ్బ తగిలిందా ఒడీల్ అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

"ఊళ్ళో వాడంత బాగా ఆడేవాడు ఇంకొకడు లేడని చెప్పు."

"చెప్పానండీ. అయ్యో పాపం అన్నట్టు చూశారు."

ఆవిడ వెళ్ళాక జెరిల్ హెల్మెట్ చేత్తో పట్టుకుని మెల్లగా దగ్గరికొచ్చాడు. వాడి నడకలోనే ఏదో అడగబోతున్నాడని తెలిసిపోయింది.

"కోచ్, రేపు ఆయన వస్తున్నాడు కదా. ఒక్కసారి ఎర వేస్తే?"

"ఏం ఎర?"

"బీమన్‌ని కాస్త వదిలేసి వెనక నిలబడతా. ఖాళీగా ఉన్నాడనుకుని విసురుతారు. మధ్యలో వెళ్ళి లాగేసుకుంటా. ఒక్కసారి, కోచ్."

"ఒరేయ్, మూడేళ్ళ నుంచి నీకు నేర్పింది ఇదేనా? ఎర వేసేవాడికి చేప పడుతుందని రాసిపెట్టి ఉందా? బీమన్ ఎలాంటివాడో తెలుసా నీకు? నువ్వు వాడి మీదికి పోయి నిలబడు. చెయ్యి వాడి గుండె మీద, కళ్ళు వాడి నడుం పట్టీ మీద. చూసేవాడికి కళ్ళుంటే అదే చూస్తాడు."

"చూడకపోతే?"

"చూడకపోతే వాడి ఖర్మ."

జెరిల్ తల ఊపాడు. వాడి ఖర్మ కాదు, నా ఖర్మ కదా అని వాడు అనలేదు. అనకపోయినా ప్రెజాన్‌కి వినపడింది.

శుక్రవారం సాయంత్రానికి ఊరు ఊరంతా మైదానంలోనే ఉంది. ఓడిన జట్టు ఇంటికి పోయే ఆట అది, ఆ ఏటికి ఇంక ఆట లేనట్టే. ప్రెజాన్ ఎప్పటిలాగే స్టాండ్ పైనున్న రేకుల గదిలో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాడు. పైనుంచి అందరి కాళ్ళూ కనిపిస్తాయి గనక ఆయన చోటు అది. కింద గీత పక్కన నిలబడ్డ టూప్స్‌కి ఆయన మాట వినిపించేది. పక్కనే, నడుమెత్తు చెక్క అడ్డం అవతల, కాలవే జంబలయా అన్నం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి ఆటలోనే బీమన్ ఎవడో తెలిసింది. పొడుగూ, కాళ్ళలో వేగం, పైగా భుజాలతో అబద్ధాలు చెప్పగలడు. ఎడమకు వంగుతాడు, కుడికి పోతాడు. జెరిల్ ఆ భుజాలను చూడనే లేదు. నడుం పట్టీ మీద కళ్ళు పెట్టి, మైదానం లోపలి వైపుకి అరఅడుగు జరిగి నిలబడి, బీమన్ కదలగానే గుండె మీద ఒక్క తోపు తోశాడు. బీమన్ అంచు గీత దాకా వెళ్ళి అక్కడ ఆగిపోవాల్సి వచ్చింది. క్వార్టర్‌బ్యాక్ చూశాడు, మొహం తిప్పేసుకున్నాడు.

"ప్లస్, ప్లస్, ప్లస్" అని గొణుక్కున్నాడు ప్రెజాన్.

కాలవే కళ్ళు బంతితో పాటు అవతలి అంచుకి పోయాయి. అక్కడ ఎవరో ఎవరినో పడేశారు, జనం అరిచారు.

విరామం దాకా అదే వరస. బీమన్ లోపలికి దూసుకుపోవాలని చూశాడు, జెరిల్ ముందే అక్కడున్నాడు. లోతుకి పరుగెత్తాడు, జెరిల్ భుజం రాసుకుంటూ పక్కనే పరుగెత్తాడు. ఒకసారి బీమన్ విసిగిపోయి చేతులు గాలిలోకి ఎగరేశాడు. ప్రెజాన్ తన జన్మలో అంత శుభ్రమైన కార్నర్ ఆట చూడలేదు. కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు. మెడ తిప్పి చూస్తే కాలవే పళ్ళెంలో రొయ్య ముక్క కోసం వెతుకుతున్నాడు.

"చూస్తున్నారా?" అన్నాడు ప్రెజాన్ ఇక ఉండబట్టలేక.

"ఏం చూడనండీ" అన్నాడు కాలవే విసుగ్గా. "నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాను ఈ బీమన్ కోసం. ఆ క్వార్టర్‌బ్యాక్ గుడ్డివాడా ఏంటి, ఒక్క బంతీ విసరడే వాడికి. ఇదంతా దండగ."

"ఎందుకు విసరట్లేదంటారు?"

"కుర్రవాడు కదా, భయం. వీళ్ళకి సరిగ్గా నేర్పేవాళ్ళు లేరు."

ప్రెజాన్‌కి మీద పడి రెండు భుజాలు పట్టుకుని ఆ మొహాన్ని మైదానం మీద ఎడమ అంచు వైపు తిప్పి అలాగే నొక్కిపట్టాలనిపించింది. "బీమన్ పక్కన ఉన్న వాణ్ణి చూడండి" అన్నాడు, గొంతు అదుపులో పెట్టుకుని.

"చూస్తానండీ, బంతి వస్తే చూస్తాను" అన్నాడు కాలవే.

ఆ మాట ప్రెజాన్ బుర్రలో దిగబడి బయటికి రాలేదు. చివరి పావుభాగం మొదలయ్యింది. లపాంట్ పది పాయింట్లు ముందుంది. కాలవే లేచి కోటు వేసుకుంటున్నాడు. దారి దూరం, తొందరగా బయల్దేరతానంటున్నాడు. ఎన్ని ఆదివారాలు, ఎన్ని ప్లస్సులు, ఎన్ని వీడియో ముక్కలు, అన్నీ కోటు గుండీలు పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోతున్నాయి.

"టూప్స్" అన్నాడు ప్రెజాన్ హెడ్‌సెట్‌లో. "జెరిల్‌ని వెనక నిలబడమను. బాగా వెనక్కి. బీమన్‌ని వదిలేయమను."

"ఏంటీ?"

"విన్నావు కదా."

"మతి పోయిందా నీకు? వాణ్ణి ఇందాకట్నుంచీ మింగేసి కూర్చున్నాడు మనవాడు. ఇప్పుడు వదలడమేంటి?"

"నా కుర్రాడు, నా కాపలా. చెప్పు వాడికి."

టూప్స్ ఏదో తిట్టాడు. తర్వాత గీత పక్కనుంచి చేతులతో సైగ చేశాడు. జెరిల్ ఆ సైగ చూసి, నమ్మలేక ఇంకోసారి చూసి, తలెత్తి స్టాండ్ పైకి చూశాడు. వాడికి అద్దం వెనక ఎవరూ కనిపించరని ప్రెజాన్‌కి తెలుసు. అయినా చూపు తప్పించుకున్నాడు. జెరిల్ వెనక్కి, ఇంకా వెనక్కి నడిచాడు. బీమన్ ముందు అంతా ఖాళీ నేల. క్వార్టర్‌బ్యాక్ అది చూసి ఒక్కసారి నిటారుగా అయ్యాడు.

"ఒక్క నిమిషం ఉండండి" అన్నాడు ప్రెజాన్ కాలవేతో. "ఇప్పుడు చూడండి."

కాలవే తలుపు దగ్గర ఆగాడు.

బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి వచ్చింది. బీమన్ నాలుగడుగులు వేసి టక్కున ఆగాడు. క్వార్టర్‌బ్యాక్ చెయ్యెత్తి విసరబోయాడు. జెరిల్ కళ్ళు ఆ చేతి మీదికి పోయాయి, నడుము తిరిగింది, లాగేసుకోవడానికి ముందుకి దూకాడు. చెయ్యి ఆడింది గానీ బంతి చేతిలోనే ఉంది. బీమన్ ఆగినట్టు నటించాడంతే. దూకిన జెరిల్ పక్కనుంచి దాటి నేరుగా పరుగెత్తాడు. అప్పుడు విసిరాడు క్వార్టర్‌బ్యాక్ అసలు బంతిని. బీమన్ చుట్టుపక్కల ఎవరూ లేరు. తీరిగ్గా పట్టుకుని చివరి గీత దాటాడు.

"అదీ" అని చప్పట్లు కొట్టాడు కాలవే. "అదీ బీమన్ అంటే. దీని కోసమే వచ్చాను." కోటు గుండీలు మళ్ళీ విప్పుకుని కూర్చున్నాడు. కాసేపటికి గుర్తొచ్చినట్టు ఇటు తిరిగి, "ఆ కార్నరేనా మీరు చెప్పింది?" అని అడిగాడు, జాలిగా.

తానే అలా నిలబడమన్నానని చెప్పడానికి ప్రెజాన్ నోరు తెరిచాడు. అప్పుడే టూప్స్ గొంతు చెవిలో మోగింది. "సంతోషమా? ఇప్పుడైనా వాణ్ణి వాడి చోటికి పోనిస్తావా?" ఆ తర్వాత ఆట అయ్యేదాకా జెరిల్ బీమన్‌ని మళ్ళీ కదలనివ్వలేదు. లపాంట్ మూడు పాయింట్లతో గట్టెక్కింది. రెండు నెలల్లో మొదటిసారి మైకులో జెరిల్ లెడే పేరు వినబడింది, ఎవడి మీదుగా బంతి పోయిందో చెబుతూ.

మెట్లు దిగి వస్తుంటే వెనక వరస నుంచి ఎవడో అంటున్నాడు. "నిలబడమంటే నిలబడతాడు గానీ, ఆడమంటే ఇదీ వాడి యవ్వారం." పక్కవాళ్ళు నవ్వారు. ప్రెజాన్ ఆగాడు, కానీ వాడి గొంతు పట్టుకుంటే అసలు దోషి తప్పించుకున్నట్టే అనిపించి కదిలాడు.

బూడాన్ బల్ల దగ్గర ఒడీల్ గిన్నెలు సర్దుతోంది.

"వాడు ఏడవట్లేదండీ" అంది తల ఎత్తకుండా. "నాకదే భయంగా ఉంది. ఏమైంది వాడికి? ఎందుకంత వెనక నిలబడ్డాడు?"

"ఒక్కోసారి అవుతుందమ్మా" అన్నాడు ప్రెజాన్.

ఆ మాట అన్నందుకు దారి పొడుగునా తనని తాను తిట్టుకున్నాడు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. శనివారం పొద్దున్నే టూప్స్ ఫోన్ చేసి పుండు మీద ఇంత కారం చల్లాడు.

"నీ కాలవే నన్ను నిద్ర లేపాడు. గొట్టం మీది కెమెరా వీడియో మొత్తం కావాలట, బీమన్‌ని మళ్ళీ చూసుకోవడానికి. పంపేశా. నీ వీడియో మాత్రం చూసినవాడు లేడు, వాడి వీడియో అడిగి మరీ చూస్తున్నారు."

"ఎందుకు పంపావు?"

"ఎందుకు పంపకూడదు? నువ్వు ఆ బీమన్‌కి స్కాలర్‌షిప్ ఇప్పించావు, నేను వీడియో పంపి పుణ్యం కట్టుకున్నా."

ఆదివారం మధ్యాహ్నం జెరిల్ చర్చి చొక్కాతోనే కోచ్‌ల గదికి వచ్చాడు. వాళ్ళమ్మ ఇచ్చిన గంబో పులుసు సీసా బల్ల మీద పెట్టి, ఎప్పుడూ కూర్చునే మడత కుర్చీలో కూర్చున్నాడు. ప్రెజాన్ తెర మీద వీడియో పెట్టాడు. ఇద్దరూ ఒక్కో ఆటా చూస్తూ పోయారు. ప్లస్, ప్లస్, ప్లస్. ప్రతి గడిలో కలం టిక్కుమంటోంది. ఆ ఆట దగ్గరికి వచ్చేసరికి ప్రెజాన్ బొమ్మ ఆపేశాడు.

"దీనికి మార్కులు వేయను" అన్నాడు. "ఇది నీది కాదు. నాది."

"అదేంటి కోచ్, వేయాలి కదా."

"వేయనంటున్నానా. నేను వెనక్కి పొమ్మన్నాను, నువ్వు పోయావు. గురువారం నువ్వు అడిగితే తిట్టిన నోటితోనే శుక్రవారం చెప్పాను. బుద్ధి గడ్డి తిన్నది నాకు."

జెరిల్ ఆగిపోయిన బొమ్మలో తన కాళ్ళ కేసి చూస్తున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది.

"కోచ్, కాలవేని. రెండు రోజులుగా మీ వీడియో చూస్తున్నా. ఏంటండీ ఈ బీమన్ వ్యవహారం? ఆ ఒక్క బంతి తప్పిస్తే వాడికి కాళ్ళు లేవా? ఎటూ కదల్లేకపోతున్నాడు. ప్రతి ఆటలో వాడినే చూస్తూ కూర్చున్నా, బంతి సంగతి వదిలేసి. చూడగా చూడగా తెలిసింది, కదల్లేకపోవడం కాదు, కదలనివ్వట్లేదు. ఎవరండీ ఆ ఇరవై నాలుగు నంబరు కుర్రాడు?"

ప్రెజాన్ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నేను మీకు పంపిన వీడియో ఆ కుర్రాడిదే."

"ఏది, ఆ బంతి లేనిదా?"

"ఆ, అదే. బంతి లేనిదే."

"ఓహో" అన్నాడు కాలవే. సిగ్గుపడ్డాడో లేదో గొంతులో తెలియలేదు. "సరే, బాగున్నాడు. చాలా బాగున్నాడు. కానీ ఆ ఒక్క ఆట ఉంది చూశారూ, అక్కడ నాకు అనుమానం. అంతసేపు అంత చక్కగా ఆడి, ఉన్నట్టుండి అంత వెనక నిలబడటమేంటి? పెద్ద ఆటలో భయపడే కుర్రాడైతే మాకొద్దు."

"వాడు భయపడలేదు. నేను నిలబడమన్నాను. మీరు కోటు వేసుకుంటుంటే చూడలేక, మీ కోసం ఎర వేయించాను. తప్పు పూర్తిగా నాది."

కాలవే మళ్ళీ ఆ నవ్వే నవ్వాడు. "మీరు మంచివారు కోచ్. పిల్లల తప్పు నెత్తిన వేసుకోని కోచ్‌ని నేనింతవరకు చూడలేదు. అందరూ ఇదే చెప్తారు."

ప్రెజాన్‌కి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. వారమంతా నిజం చెబితే పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఇప్పుడు అసలు నిజం చెబితే మంచితనం అంటున్నారు. "వినండీ, నేను చెప్పేది వినండి, టూప్స్‌ని అడగండి" అంటూ గొంతు పెంచాడు.

"అక్కర్లేదు లెండి. కుర్రాడు దగ్గర్లో ఉంటే ఫోన్ ఇవ్వండి. అతనితోనే మాట్లాడతా."

ఫోన్ చేతులు మారింది. ప్రెజాన్ జెరిల్ కళ్ళలోకి చూసి, నా పేరు చెప్పేయమన్నట్టు తన గుండె మీద వేలితో పొడుచుకుని చూపించాడు. కాలవే గొంతు బయటికే వినబడుతోంది.

"ఏం బాబూ, ఆ ఆటలో ఏం జరిగింది?"

"బీమన్ నడుం పట్టీ చూడాల్సింది సార్. క్వార్టర్‌బ్యాక్ చెయ్యి చూశాను. అది ఆడగానే నా నడుము తిరిగిపోయింది. తిరక్కుండా ఇంకొక్క అడుగు వెనక్కి వేసుంటే దాటేవాడు కాదు."

"మీ కోచ్ నిన్ను అంత వెనక నిలబడమన్నానని అంటున్నాడు. నిజమేనా?"

జెరిల్ ప్రెజాన్ వైపు చూశాడు. ప్రెజాన్ తల ఊపాడు, చెప్పు చెప్పు అన్నట్టు.

"నిజమే సార్. ఎక్కడ నిలబడాలో కోచ్ చెప్తారు" అన్నాడు జెరిల్. "నిలబడ్డాక కాళ్ళు నావి."

కాలవే మెల్లగా అడిగాడు. "వచ్చే శనివారం మీ అమ్మగారిని తీసుకుని మా కాలేజీకి రాగలవా? చోటు అట్టే పెడతాను."

"వస్తాం సార్."

ఫోన్ బల్ల మీద పెట్టేశాక జెరిల్ చొక్కా చేతులతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. శుక్రవారం రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది, కాసేపే. ప్రెజాన్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. సంతోషించాలని తెలుసు. సంతోషంగానే ఉంది. దాని కింద మాత్రం కాలుతూనే ఉంది. ఇన్నాళ్ళూ వాడి ఆట చూడటం చేతకాని వాళ్ళని తిడుతూ వచ్చాడు. తీరా వాడి ఆట చెడగొట్టింది తనే.

"కోచ్, మార్కులు వేయండి" అన్నాడు జెరిల్ వెనకనుంచి. "ఇంకా చాలా ఆటలున్నాయి. అమ్మ ఎదురుచూస్తుంటుంది."

ప్రెజాన్ వచ్చి కూర్చుని కలం తీసుకున్నాడు.

"కళ్ళు" అన్నాడు జెరిల్. "మైనస్."

ప్రెజాన్ రాశాడు.

"నడుము. మైనస్."

అదీ రాశాడు. కలం మిగిలిన గడి దగ్గర ఆగింది. ఎక్కడ నిలబడ్డాడు అన్నది ఆ గడి.

"అది నాది కాదు కోచ్" అన్నాడు జెరిల్. కోపంగా అనలేదు, మెత్తగానూ అనలేదు. ఆదివారాల్లో ప్రెజాన్ వాడితో మాట్లాడే పద్ధతిలోనే అన్నాడు. "ఎవరిదో వాళ్ళ పేరు రాసి వేయండి."

ప్రెజాన్ ఆ గడిలో తన పేరు రాసి, పక్కన మైనస్ పెట్టాడు. జెరిల్ ముందుకు వంగి, రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకుని వెనక్కి వాలాడు. ప్రెజాన్ తర్వాతి ఆట తెర మీద వేశాడు. జెరిల్ బీమన్ ముందుకి వచ్చి, లోపలి వైపు అరఅడుగు జరిగి నిలబడ్డాడు. క్వార్టర్‌బ్యాక్ అటు ఒకసారి చూసి, బంతి అవతలి వైపు విసిరాడు.